ఏ ఘంటసాల మంచి ఘంటసాల?

మీ ఇంట్లో ఘంటసాల పాటల సంకలనాలు ఎన్ని వున్నాయి? ఒక్కటీ లేదంటారా? ఫోనులో అన్నీ వున్నాయి కదా, ఇంక వేరే ఎందుకంటారా? సరే, ఆ ఫోనునే తీసుకోండి. 'దేవదాసు'లో అక్కినేని తాగిన మైకంలో పాడే పాటను వెతకండి. ఒకే పాట పదిచోట్ల కనబడుతుంది. ఆణిముత్యాలని ఒకచోట, విషాద గీతాలని ఒకచోట, మధుర స్మృతులని మరోచోట! పదింటినీ ఎప్పుడైనా విని చూశారా? అన్నీ ఒకటే కదా, వినడమెందుకు అనుకుంటున్నారు కదూ?

నేనూ నిరుటిదాకా అలాగే అనుకున్నాను. అలా అనుకోవడంవల్లే మా నాయనను ఒక మాట అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

మాది పెద్దతిప్పసముద్రం. మదనపల్లె నుంచి బి.కొత్తకోట మీదుగా రావాలి. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక వచ్చేస్తుంది. మా వైపు తెలుగు మాటల మధ్య కన్నడం దొర్లినా ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి వూళ్లో మా నాయనకు మైకుసెట్టు వుండేది. పెళ్లయినా, జాతరయినా, ఎలక్షన్లయినా ముందు నాయనకు కబురొచ్చేది. ఒక రేకుపెట్టె నిండా రికార్డులు, ఇంకో పెట్టెలో యాంప్లిఫయరు, రెండు బాకాలు, వైరు చుట్టలు. ఎద్దులబండి మీద పెట్టుకుని పోయేవాడు. ఆ బండి మీద రికార్డుల పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చునే వుద్యోగం నాది!

ఆ రికార్డులు లక్కతో చేసినవి. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. చేయి జారితే పెంకులే. ఒక్కో ముఖానికి మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. పాట అంతకంటే పొడుగైతే సగం ఇటు, సగం అటు. సగంలో రికార్డు తిప్పి వేయాల్సిందే. నాయన దగ్గర ఒక నియమముండేది. రెండు పాటలకొకసారి ముల్లు మార్చాలి. అరిగిన ముల్లుతో పదేసి పాటలు లాగించే మైకుసెట్టు వాళ్లంటే ఆయనకు మంట. "ముల్లు మిగిలిస్తే రికార్డు పోతాది. రికార్డు పోతే ఘంటసాల పోతాడు" అనేవాడు.

ఎండాకాలంలో టూరింగు టాకీసు డేరా పడిందంటే నాయనకు చేతినిండా పని. సినిమాకు ముందు గుంజకు కట్టిన బాకాలో పాటలు వేయాలి. చివర్లో ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట వేస్తే, ఇంక ఆట మొదలవుతుందని గుర్తు. చేలగట్ల మీద నడిచొచ్చే జనం ఆ పాట వినగానే పరుగు లంకించుకునేవాళ్లు. ఆంధ్రదేశంలో ఎన్నో డేరా టాకీసుల్లో అదే ఆనవాయితీ. మీ తాతలనడగండి, చెబుతారు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. అప్పటికాయనకు నిండా 52 ఏళ్లు లేవు. ఆ సాయంత్రం నాయన మైకుసెట్టును మా ఇంటి అరుగు మీదికి తెచ్చి, ఎవరూ అడక్కుండా, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకుండా, పాటలు వేశాడు. అప్పట్నుంచి ఏటా ఫిబ్రవరి 11 మా ఇంట్లో తద్దినం లాంటిది. మైకుసెట్లు పోయాయి, టాకీసులు పోయాయి, మా అమ్మ కూడా పోయింది. ఆ ఒక్కరోజు పాటలు మాత్రం ఆగలేదు.

నిరుడు ఏం జరిగిందంటే...

నాయనకిప్పుడు 84 ఏళ్లు. గట్టిగా మాట్లాడితేగాని వినపడదు. పాత రికార్డు ప్లేయరుకు బెల్టు తెగి చాలాకాలమైంది. నేను గొప్పకు పోయి ఒక కొత్త సీడీ కొనుక్కొచ్చాను. 'డిజిటల్‌గా శుద్ధి చేసినది' అని అట్ట మీద పెద్ద అక్షరాలు. గరగర లేదు, బరబర లేదు, అద్దంలాగా వుంది. స్పీకరు పెట్టి మొదటి పాట వేశాను. నాయన మంచం మీద కూర్చుని ఒక చరణం దాకా విన్నాడు. లేచి లోపలికి పోయాడు.

"ఏమైంది నాయనా?" అన్నాను.

"ఇది ఘంటసాల కాదురా. ఎవురో ఆయప్ప మాదిరి పాడతా వుండాడు."

"సీడీ మీద పేరు రాసుంది నాయనా, ఆయనే!"

"నాకు తెలీదా అబ్బోడా, ఘంటసాల గొంతు?"

అప్పుడన్నాను ఆ మాట. "నీకు పక్కన మనిషి పిలిస్తేనే వినబడదు, ఇంక గొంతు తేడాలేం తెలుస్తాయి!" అని. నవ్వుతూనే అన్నాను. కానీ అన్నాను. నాయన బదులు చెప్పలేదు. ఆ రోజు తక్కిన పాటలు నేనొక్కణ్ణే విన్నాను.

మా అమ్మాయి బెంగుళూరులో చదువుతోంది. సెలవులకొచ్చినప్పుడు ఈ సంగతి విని, "నువ్వు తాతనట్లా అనుండకూడదు. వినకుండానే తీర్పు చెప్పినావు. పరీక్ష పెడదాం" అంది. దాని చెవిలో రోజంతా ఇంగ్లీషు పాటలే. బీటిల్స్ అంటే ప్రాణం. మనం ఏ ఘంటసాల మంచి ఘంటసాల అని ఒక్కరోజు వాదించుకున్నామేమో గాని, ఆ అభిమానులు ఏ బీటిల్స్ మంచి బీటిల్స్ అని దశాబ్దాలుగా వాదించుకుంటూనే వున్నారట! 1973లో ఎర్ర అట్టతో ఒకటి, నీలం అట్టతో ఒకటి రెండు సంకలనాలొచ్చాయి. 2000లో 27 పాటలతో ఇంకొకటి వచ్చింది. 2009లో వాళ్ల పాత రికార్డులను మోనోలోనే, అంటే ఒకే దారిలో వచ్చే శబ్దంతోనే, పెట్టెకట్టి అమ్మితే జనం ఎగబడి కొన్నారు. స్టీరియో వుండగా మోనో ఎందుకయ్యా అంటే, ఆ కుర్రాళ్లు దగ్గర కూర్చుని సరిచూసుకున్నది మోనోనే గనుక! 1960లలో స్టీరియో రూపాన్ని తర్వాత తీరిగ్గా, ఒక్కోసారి తొందరగా, వేరేవాళ్లు తయారు చేసేవాళ్లు.

మన పాత పాటల సంగతీ దాదాపు ఇంతే. 'పాతాళభైరవి' 1951, 'దేవదాసు' 1953, 'మాయాబజార్' 1957, 'జగదేకవీరుని కథ' 1961. ఇవన్నీ మోనో. గాయకుడూ వాద్యగాళ్లూ ఒకేచోట చేరి, ఒకేసారి పాడి వాయించాలి. ఎవరు తప్పుచేసినా మళ్లీ మొదటికి రావాలి. మైకుకు ఎవరు దగ్గరుండాలి, ఎవరు దూరముండాలి అన్నదే అప్పటి మిక్సింగు! 'జగదేకవీరుని కథ'లో ఎన్టీఆర్ అయిదుగురుగా కనబడి పాడుతూ వాయించే పాట గుర్తుంది కదా? తెర మీద అయిదుగురు కనబడతారు. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో పాడింది మాత్రం ఘంటసాల ఒక్కరే. ఆ గొంతునూ ఆ మృదంగాన్నీ తరవాత విడదీసి కుడికొకటి, ఎడమకొకటి పంచుదామంటే, పాలూ నీళ్లూ కలిశాక వేరు చెయ్యడం లాంటిది. ఈమధ్య కంప్యూటర్లు కొంతవరకు ఆ హంసపని చేస్తున్నాయనుకోండి. ఇదివరకటి కంపెనీల దగ్గర అది లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. ఇంట్లో వెతికితే అయిదు రకాల ఘంటసాలలు దొరికారు.

ఒకటి, హెచ్.ఎం.వి. వారి కుక్క గుర్తు లాంగ్‌ప్లే, మోనో. రెండు, స్టీరియో అని అట్ట మీద రాసిన ఇంకో లాంగ్‌ప్లే. మూడు, నేను కాలేజీలో చదివే రోజుల్లో కొన్న క్యాసెట్టు. నాలుగు, ఈ గొడవంతటికీ కారణమైన సీడీ. అయిదు, మా అమ్మాయి ఫోను. వీటన్నిట్లో వున్న పాట ఒకటి పట్టుకున్నాం. నాయన రేకుపెట్టెలో 78 రికార్డులు ఏడు మిగిలాయి. అదృష్టం కొద్దీ ఆ పాట వాటిల్లోనూ వుంది.

ముందు ప్లేయరు బాగుచేయించాలి. మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు దగ్గర రేడియోలు రిపేరు చేసే పెద్దాయన ఒకరున్నారు. బెల్టు వేసి, కొత్త ముల్లు పెట్టి ఇచ్చారు. తిరిగొస్తూ మా అమ్మాయికి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ చూపించాను. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడున్నప్పుడే 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం రాశారు. మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను కాయితం మీద పెట్టారు. పాట ఎలా వుండాలో రాసిపెట్టుకుంటే రేపెవరైనా తప్పు పాడినప్పుడు సరిచూసుకోవచ్చు. మరి ఘంటసాల గొంతును దేనితో సరిచూసుకోవాలి? బస్సులో వస్తున్నంతసేపూ నాకిదే ఆలోచన.

పరీక్షకు మా అమ్మాయి రెండు షరతులు పెట్టింది. మొదటిది, ఏది మోగుతోందో మాకు తెలియకూడదు. దుప్పటి అడ్డం కట్టి వెనకనుంచి తనే వేస్తుంది. రెండోది, అన్నిటి శబ్దమూ ఒకే మోతాదులో వుండాలి. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. రెండు పాటల్ని పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు తోస్తుంది. కొన్ని కొత్త సంకలనాలు పాతవాటికంటే మెరుగనిపించడానికి సగం కారణం అదే. గట్టిగా మోగిస్తారు, అంతే!

నాయన రానన్నాడు. "నాకు చెవుడు కదా, నేనెందుకు?" అన్నాడు. ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. మనవరాలు పోయి చేయిపట్టి లాక్కొచ్చింది.

ముందు క్యాసెట్టు. సెకండుకు అయిదు సెంటీమీటర్లు కూడా నడవని సన్నటి టేపు. సముద్రం ఒడ్డున కూర్చుని విన్నట్టు వెనక ఒకటే 'స్స్' శబ్దం. తాళాల చప్పుడు దుప్పటి కప్పుకుంది. అయినా మనిషి ఘంటసాలే. నాయన తలూపాడు.

తర్వాత స్టీరియో అని రాసిన లాంగ్‌ప్లే. ఇదేదో విచిత్రం. ఒక స్పీకర్లో గొంతు బొంగురుగా, రెండోదాంట్లో పీలగా. మోనో పాటనే తీసుకుని, కింది స్వరాలు ఒక పక్కకు, పై స్వరాలు ఇంకో పక్కకు తోసి స్టీరియో అనిపించడం 1960లలో ప్రపంచమంతా వున్న పద్ధతి. అమెరికాలో బీటిల్స్ పాటల్నీ వదల్లేదు! ఘంటసాలను రెండు గదుల్లో కూర్చోబెట్టి పాడించినట్టుంది. "ఆయప్పను చీల్చేసినారే!" అన్నాడు నాయన.

మూడోది ఫోను. అక్కడ ఒకే పాట మూడు రకాలుగా దొరికింది. ఒకదాంట్లో ఎవరో కొత్తగా డ్రమ్ములు కలిపారు. హిందీలో ఝంకార్ బీట్స్ అని ఒకప్పుడు ఇలాగే పాత పాటలకు దరువులు తగిలించి క్యాసెట్లు వేసేవాళ్లు. రెండోది నూతిలోంచి వచ్చినట్టుంది. మూడోది మాత్రం శుభ్రంగా, నిజాయితీగా వుంది. ఒకే ఫోను, ఒకే పాట, మూడు ఘంటసాలలు!

ఇంక సీడీ. వెనక చప్పుడంటూ లేదు. అర్ధరాత్రి నిశ్శబ్దం. కానీ దుప్పటి అవతల ఏముందో తెలియకుండా, చెవి పెట్టి వింటే, నాకే ఏదో తేడాగా అనిపించింది. పల్లవి పాడేముందు ఘంటసాల వూపిరి పీల్చుకోవడం వినబడలేదు. వీణ మీటితే తీగ చివరిదాకా మోగకుండా మధ్యలో ఎవరో చేయిపెట్టి ఆపినట్టు ఆగిపోతోంది. గరగరను తీసేసే యంత్రానికి గరగరేదో, వూపిరేదో తేడా తెలీదు. సన్నగా వున్న శబ్దమల్లా చెత్తే అనుకుని వూడ్చేస్తుంది. దేవదాసు తాగి పాడుతున్నప్పుడు ఆ వూపిరే కదండీ సగం నటన! సి.ఆర్. సుబ్బరామన్ కట్టిన ఆ బాణీలకు ఘంటసాల ఇచ్చిన ప్రాణం ఆ వూపిర్లోనే వుంది. సినిమా విడుదల కాకముందే, 1952లో సుబ్బరామన్ పోయారు. వాళ్లిద్దరూ కలిసి చేసిన పనిలో మనకు మిగిలింది ఆ శబ్దమే. దాన్నీ వూడ్చేస్తే ఎలా?

"ఇదే! ఆ పొద్దు ఇన్నింది ఇదే. ఈయప్ప ఘంటసాల కాదు" అన్నాడు నాయన. దుప్పటి వెనకనుంచి మా అమ్మాయి, "తాతా, కరెక్ట్!" అని అరిచింది.

నేనూరుకోలేదు. వూపిరి లేకపోతే మాత్రం మనిషే మారిపోతాడా? "గొంతు అదే కదా నాయనా, ఏం తేడా చెప్పు?" అన్నాను. నాయన కాసేపు ఆలోచించాడు. మెల్లగా లేచి, లోపల్నుంచి హార్మోనియం తెప్పించాడు. వూళ్లో భజన చేసేటప్పుడు వాయించిన పెట్టె. మూడు మెట్లు పలకవు. తక్కినవి బాగున్నాయి.

"ఆ మోనోది ఎయ్" అన్నాడు. మోనో లాంగ్‌ప్లే మీద ముల్లు పడింది. చిటపట, చిటపట, తర్వాత గొంతు. అబ్బ, ఆ వూపిరి! నాయన మెట్లు తడుముకుంటూ శ్రుతి పట్టాడు. "రెండు" అన్నాడు. పాట మొదట్నుంచి చివరిదాకా ఆ మెట్టు మీద దిమ్మలాగా కూర్చుంది. 78 రికార్డు వేశాం. అదీ రెండే. "ఇప్పుడు ఆ అద్దం మాదిరి వుండేదాన్ని ఎయ్." సీడీ వేశాం. నాయన రెండు నొక్కాడు, కలవలేదు. రెండున్నర నొక్కాడు, కలవలేదు. రెండూ కాదు, రెండున్నరా కాదు. ఘంటసాల ఏ మెట్టు మీదా నిలబడకుండా గాలిలో వేలాడుతున్నాడు!

మా అమ్మాయి గడియారం చూసి కొలిచింది. లాంగ్‌ప్లేలో 3 నిమిషాల 20 సెకండ్లున్న పాట సీడీలో 3 నిమిషాల 12 సెకండ్లకే అయిపోయింది. ఎనిమిది సెకండ్లు ఎక్కడికి పోయినట్టు? పాటను ఎక్కడా కోయలేదు. అంటే నూటికి నాలుగు వంతులు వేగంగా తిరిగిందన్నమాట! వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది. నూటికి ఆరు పెరిగితే హార్మోనియం మీద ఒక మెట్టు తేడా. నాలుగైతే మెట్టుకు మెట్టుకు మధ్య. ఆ నాలుగు ఎందుకొచ్చిందో కూడా మా అమ్మాయే చెప్పింది. సినిమా రీలు సెకండుకు 24 బొమ్మలు నడుస్తుంది. మన టీవీ, వీడియో పద్ధతిలో 25. సినిమాను వీడియోలోకి ఎక్కించినప్పుడు బొమ్మతోపాటు పాటా ఆ మేరకు పరుగెత్తుతుంది. మంచి మాతృక దొరక్క ఎవరో వీడియోలోంచి పాటను లాగి, సీడీకి ఎక్కించి వుంటారు. 24కు 25 అంటే దాదాపు నూటికి నాలుగు. లెక్క సరిపోయింది!

మన ప్లేయరే మెల్లగా తిరుగుతోందేమో అంటారా? అదీ చూశాం. గీతలు గీసిన గుండ్రటి కాయితం ఒకటుంటుంది. దాన్ని తిరిగే పళ్లెం మీద పెట్టి కరెంటు దీపం కింద చూడాలి. మన కరెంటు సెకండుకు 50 సైకిల్స్ గనుక, దీపం వందసార్లు మిణుకుతుంది. నిమిషానికి 33 చుట్లూ ఇంకో మూడో వంతూ తిరిగే పళ్లెం మీద 180 గీతలు కదలకుండా నిలబడినట్టు కనబడితే వేగం సరైనట్టు. 78కి అయితే 77 గీతలు. కొన్ని ఎల్.ఇ.డి. దీపాల కింద ఈ విద్య పనిచేయదు. పాత ట్యూబులైటు వెతికి వేశాం. గీతలు నిలబడ్డాయి.

అంటే, 84 ఏళ్ల ఆయన, పక్కన పిలిస్తే పలకని ఆయన, నూటికి నాలుగు తేడాను ఒక్క చరణంలో పట్టేశాడు. అట్ట మీది అక్షరాలను నమ్మిన నేను ఆయనకు చెవుడని చెప్పాను.

ఇంతకీ ఏది మంచి సంకలనం అంటారా? మా ఇంటి తీర్పు ఇది. మొదటి స్థానం మోనో లాంగ్‌ప్లేకే. గరగర వుంది, కాదనను. ఇంకో లోపమూ వుంది. లాంగ్‌ప్లేలో ప్రతి ముఖం మీదా చివరి పాట లోపలి ఇరుకు చుట్లలో పడుతుంది గనుక, గట్టిగా పాడిన చోట గొంతు కాస్త చెదురుతుంది. అయినా శ్రుతి వుంది, వూపిరి వుంది, మనిషి వున్నాడు. రెండో స్థానం, ఆశ్చర్యపోకండి, ఇంకో సీడీకే! ఆ తర్వాత బెంగుళూరు ఆదివారం సంతలో దొరికింది. దాన్ని తయారుచేసిన వారెవరో గాని పుణ్యాత్ములు. వెనక 'స్స్' శబ్దాన్ని అలాగే వదిలేశారు, వేగం సరిగ్గా పెట్టారు. లాంగ్‌ప్లేకు దీటుగా వుంది. కాబట్టి తప్పు సీడీది కాదు, చేసిన చేతిది. పాత సామాన్లేమీ లేని మీలాంటి కుర్రకారుకు ఆ సీడీ లాంటిదో, ఫోనులో మేం విన్న మూడో రకం లాంటిదో చాలు.

అలాంటిదాన్ని ఎలా కనిపెట్టాలి? అట్ట మీది మాటలు నమ్మకండి. ఒకే పాట రెండు మూడు సంకలనాల్లో తీసుకుని, శబ్దం సమంగా పెట్టి వినండి. పల్లవికి ముందు వూపిరి వినబడుతోందా? తీగ మోత తనంతట తాను చల్లారుతోందా, ఎవరో గొంతు పిసికినట్టు ఆగుతోందా? ఒక చెవిలోది తీసేస్తే పాటలో సగం మాయమవుతోందా? పాట మొత్తం నిడివి ఎంత? రెండింటి మధ్య ఏడెనిమిది సెకండ్లు తేడా వుండి, పాటలో కోత లేకపోతే, ఒకటి తప్పు వేగంతో వుందన్నమాటే. ఇంట్లో హార్మోనియం వుంటే సరే, లేకపోతే శ్రుతి చూపే సాధనాలు ఫోనులోనే దొరుకుతాయి. ఇంతా చేస్తే పది నిమిషాల పని.

2010 జనవరిలో 'మాయాబజార్' రంగుల్లో, డి.టి.ఎస్. శబ్దంతో వచ్చినప్పుడు మీలో కొందరు మీ అమ్మానాన్నలతో వెళ్లే వుంటారు. హాలంతా కిటకిట. పాతదాన్ని కొత్తచేయడం తప్పని నేననను. కొత్తచేసే చేతికి పాతదాని మీద గౌరవం వుండాలంటాను, అంతే.

ఈ సంవత్సరం ఫిబ్రవరి 11 వచ్చింది. మా అమ్మాయి మోనో లాంగ్‌ప్లేను కంప్యూటర్లోకి ఎక్కించింది. మరీ పెద్ద టపటపలు నాలుగైదు మాత్రం తీసి, తక్కినదంతా వున్నదున్నట్టే వుంచింది. నాయన చెప్పిన వరసలో పన్నెండు పాటలు పేర్చింది. మా ఇంటి సంకలనం అదే! అరుగు మీద స్పీకరు పెట్టాం. చుట్టుపక్కల వాళ్లు నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు.

పాటలు మొదలుపెట్టే ముందు నేను నాయన పక్కన కూర్చుని, "నిరుడు నేనన్న మాట తప్పు నాయనా" అన్నాను. నాయన వినబడనట్టే వూరుకున్నాడు. నిజంగా వినబడలేదో, వినదలుచుకోలేదో!

నాలుగో పాట నాట్యం పాట. అది అయిపోయాక నాయన నా చేయి తట్టి పిలిచాడు.

"అబ్బోడా, ఈ పాటలో గజ్జెలుండాలే? నాకు యినపళ్లా. వుండాయా?"

వయసు మీదపడ్డాక చెవి ముందుగా పోగొట్టుకునేది పై స్వరాలనే. గొంతు, శ్రుతి, మృదంగం చివరిదాకా మిగులుతాయి. గజ్జెలు, తాళాలు ముందే సెలవు తీసుకుంటాయి. నిరుడు నేనన్నదాంట్లో సగం నిజముందన్నమాట. అది నాకు సంతోషం కలిగించలేదు.

"వుండాయి నాయనా, బాగా మోగతా వుండాయి" అన్నాను.

"అట్లయితే సరే. ఇంకోసారి ఎయ్" అన్నాడు.

మళ్లీ వేశాను. ఈసారి నేను గజ్జెలే విన్నాను, ఆయన తరఫున కూడా.